అప్పలనర్సమ్మ వరసలోకి దిగిన రోజు

“మడిలో కాలెట్టావంటే ఇరగ్గొడతాను. గట్టెక్కవే!”

“ఎక్కను. జొరం తగ్గి రెండు నెల్లయ్యింది. ఎక్స్‌రే బాగున్నాదని సెప్పారు. నానేటి, ముసిల్దాన్నా?”

“ఎక్స్‌రే వొచ్చి మడి ఊడుస్తాదేటే? అప్పుడు దిగావు, మర్నాడేటయ్యింది? నీ నోటితోనే సెప్పు.”

“ఓ పూట తొంగున్నాను. దానికే జట్టులోంచి తోసేస్తావా అత్తా?”

“పూటా? వారం!”

ఇది 2021లో, కోటబొమ్మాళి దగ్గర ఉభాల కాలంలో జరిగింది. ఉభాలంటే వరి నాట్లు, ఊడవడమంటే నారు నాటడం. గట్టెక్కమని అరిచింది నేనే, ఆడకూలీల జట్టుకు మేస్త్రిని. వరసలో ఎవరు ఎక్కడ వంగాలో చెప్పేది నేనే. నా చదువు మూడో తరగతితో ఆగిపోయింది గాని, మనిషి వంగిన తీరు చూసి ఎంత పని చేస్తుందో చెప్పేదాన్ని. అప్పలనర్సమ్మ దగ్గర ఆ చూపు పనికిరాలేదు.

ఆమె మా జట్టులో కొస మనిషి. అంటే వరస చివర నిలబడి, తన వేగంతో అందరినీ లాక్కుపోయేది. ఆ ఎండాకాలం కరోనా వచ్చింది. ఆక్సిజన్ అక్కర్లేకుండానే బయటపడింది. ఉభాలకు మొదటిసారి దిగిన రోజు పాత వేగంతోనే ఊడ్చింది. ఆయాసం లేదు, పాట కూడా ఎత్తుకుంది. మర్నాడు తల ఎత్తలేకపోయింది. గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణికింది, గుండె దడదడలాడింది.

ఆస్పత్రికి నేనే తీసుకెళ్లాను. డాక్టరమ్మ దాన్ని లాంగ్ కోవిడ్ అంది. జబ్బు పోయినా దాని దెబ్బ ఒంట్లో ఉండిపోవడమట. “పని చేస్తున్నప్పుడు ఏమీ తెలియకపోవచ్చు. మర్నాడో ఆ మర్నాడో కూలిపోతుంది. ఇంకా చేయగలను అనిపిస్తున్నప్పుడే ఆపేయాలి. మొండికేస్తే కోలుకోవడం ఇంకా వెనక్కి పోతుంది,” అంది.

అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. పాము కరిస్తే గాటు కనిపిస్తుంది. దీనికి ఏ గుర్తూ లేదు. నవ్వుతూ పని చేసే మనిషిని చూసి భయపడాలి.

గట్టు మీద తగువులో చివరికి ఆమె గొంతు తగ్గించింది. “ఇంట్లో కూకుంటే మంచానికే అంటుకుపోతానేమో అత్తా. నా ఒల్లు సూస్తే నాకే భయమేస్తన్నాది.”

ఆ మాటకు నేను మెత్తబడ్డాను. అంబలి తాగే వేళ దాకా, అదీ నెమ్మదిగా, అని ఒప్పందం. ఆమె తలూపి దిగింది.

మా పనిలో ఒక వేళాకోళం ఉంది. వంగి వెనక్కి జరుగుతూ నాటుతాం కదా, వెనకబడిన మనిషికి మూడు పక్కలా పక్కవాళ్లు నాటేసి దారి మూసేస్తారు. దాన్ని బందెలదొడ్డిలో పెట్టడం అంటాం. అందులో పడటం కంటే పెద్ద సిగ్గు లేదు.

నేను అవతలి గట్టున రాలిన నారు ఏరుతున్నాను. ఒక్క పరక పారేసినా నాకు మనసొప్పదు. ఇంతలో అప్పలనర్సమ్మ పక్క చాలులో నాటుతున్న సింహాచలం గొంతు వినబడింది.

“ఓలమ్మా, సూడండర్రా! కొస మనిషి బందెలదొడ్డిలో పడ్డాది!”

వరసంతా నవ్వింది. అప్పలనర్సమ్మ తలెత్తలేదు. చెయ్యి కనబడనంత వేగంగా ఊడవడం మొదలుపెట్టింది. “ఆపవే, ఒసే!” అని అరుస్తూ నేను గట్టు చుట్టి వచ్చేసరికి, తన వంతు మడి చెక్క పూర్తి చేసి, నాటు మీదుగా ఒక్క అంగలో బయటికొచ్చి, తిరిగి సింహాచలాన్నే మూసేసింది. మళ్లీ నవ్వులు.

గట్టెక్కి అంబలి తాగింది. “సూసావా అత్తా? ఆయాసమేనా వొచ్చిందా?”

“రేపు పొద్దున్న సెప్పు,” అన్నాను.

డాక్టరమ్మ మాట సింహాచలానికి చెప్పాను. “నాకు తెల్దత్తా. సరదాకి సేసాను.” ఆ సరదా నా జట్టులో ఆ రోజుతో సరి. పని దగ్గర మనిషిని చూసి బాగుందని చెప్పడం నేనూ మానేశాను. సాయంత్రం అప్పలనర్సమ్మ కుళాయి దగ్గర నవ్వుతూ నిలబడింది.

మర్నాడు తెల్లవారగానే వాళ్లింటికి వెళ్లాను. పొయ్యి వెలగలేదు. అప్పలనర్సమ్మ గోడకు ఆనుకుని ఉంది. జుట్టు విరబోసి ఉంది, దువ్వెన ఒళ్లో పడి ఉంది. చేతులు పైకి లేవడం లేదు.

“సింహాచలానికి సెప్పకత్తా. ఏడుస్తాది.”

జడ అల్లి, పడుకోబెట్టి, మడికి వెళ్లాను. అందరూ గట్టు మీదే నిలబడి ఉన్నారు.

“ఎలాగున్నాదత్తా?” అంది సింహాచలం.

కొస చోటులో నువ్వు దిగు అన్నాను. దిగింది.