ఆండాళమ్మ పనస బాకు

ఒకప్పుడు ఫ్రెంచివాళ్లు ఏలిన మా ఊరి పెద్దమార్కెట్టులో నా అరటిపళ్ల బుట్ట పక్కనే ఆండాళమ్మ పనసతొనలు అమ్ముతుంది. ఆమె చేతిలోది మామూలు కత్తి కాదు, యుద్ధం చూసిన బాకు. ఈ సంగతి ఆమె చెప్పదు. ఆమె కొడుకు సుందరమూర్తి, తొన చేతికివ్వక ముందే చెప్పేస్తాడు. వాళ్ల తాత చెంగల్రాయన్ ఫ్రెంచి సైన్యంలో చేరి, ఇండోచైనా యుద్ధానికి వెళ్లి, దీంతో ఏడుగురిని పొడిచాడట. నా చిన్నప్పుడు ఆ లెక్క ముగ్గురే. ఆయనకు వయసు పెరిగేకొద్దీ శత్రువులు ఎక్కువమంది చచ్చారు.

రెండంచుల బాకుని ఒకవైపు రాతికి రుద్ది మొద్దు చేశాక, పనసకాయకి అంతకంటే మంచి కత్తి లేదు. బంక అంటకుండా రోజూ నూనె రాస్తారు కనుక తుప్పు కూడా పట్టలేదు.

మా మార్కెట్టు ఆడవాళ్లకి ఒక ఆచారం ఉంది. ఏటా మొదటి పండుని, ఏ కత్తితో బతుకుతామో ఆ కత్తితోనే కోసి అమ్మవారికి పెట్టాలి. అరువు కత్తి పనికిరాదు. ఆండాళమ్మ కాపురానికొచ్చిన ఏడాదే మొదటి పండు కోయబోతే మామ చెంగల్రాయన్ అడ్డుపడ్డాడు.

"మనుషుల రక్తం తాగిన కత్తి. అమ్మకి ఎట్లా పెడతావు?" అన్నాడు.

ఇంకో కత్తి కొంటానంటే, వీరుడి కత్తిని మూల పారేస్తావా అని రెండు పూటలు అన్నం మానేశాడు. వీరుల అలక కూడా వీరోచితంగానే ఉంటుంది. ఆయన పోయి పాతికేళ్లయినా ఆ మాట మాత్రం పోలేదు. ఊరందరికీ తొనలు కోసిపెట్టే మనిషి, నలభై రెండేళ్లుగా గుడిలో ఖాళీ చేతులతో వెనకాల నిలబడుతోంది. ఒకసారి నా దగ్గర ఏడ్చింది కూడా.

ఈ ఏడు, యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఉమామహేష్ అనే ఆఫీసరు తొనలు కొంటూ బాకు చూశాడు. పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నాం, అద్దాల పెట్టెలో ఉంచుతామన్నాడు. సుందరమూర్తి కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికి పరుగెత్తి, తాత ఉద్యోగమంతా రాసి ఉన్న సైన్యం పుస్తకం తెచ్చాడు. అన్నేళ్లూ దానికి పసుపూ కుంకుమా పెట్టారు. ఇంట్లో ఫ్రెంచి చదవడం వచ్చింది తాతకొక్కడికే, కాబట్టి ఆయన చదివిందే వేదం.

ఉమామహేష్‌కి ఫ్రెంచి వచ్చు, చదివాడు. బాకు పిడి మీద నంబరు చూసి మళ్లీ చదివాడు.

"మీ తాతగారు వంటవారండీ."

"యుద్ధంలోనా?" అన్నాడు సుందరమూర్తి.

"యుద్ధంలోనేనండీ. ఎనిమిదేళ్లూ వంటశాల దాటలేదు. ఈ బాకు అంచు వంకరని ఏ సిపాయికీ ఇవ్వలేదంట. కొత్తదాన్నే కూరలు తరుక్కోమని వంటకి ఇచ్చేశారు. నంబరుతో సహా రాశారు."

"ఇది యాడా రాయొద్దు సారూ. వీరుడనే రాయండి" అని బతిమాలాడు సుందరమూర్తి.

ఆ ఏడుగురూ ఉల్లిపాయలే అన్నమాట. నేను పగలబడి నవ్వాను. ఆండాళమ్మ నవ్వలేదు.

"ఏంది సారూ, ఇది ఎవుర్నీ పొడవలేదా?"

"లేదండీ."

"నలభై రెండేండ్లు నన్ను పొడిచింది."

నా నవ్వు ఆగిపోయింది. ముసలాయన మీసం గొప్ప నిలబెట్టడానికి ఈమె అన్నేళ్లు అంటరానిదై నిలబడింది. నాకు ఒళ్లు మండింది. ఉమామహేష్ ప్రదర్శన సంగతి మళ్లీ ఎత్తితే, "ఇప్పుడు దీంతో నాకు పని ఉండాది" అని బాకు లాక్కుంది.

శుక్రవారం పొద్దున ఆ బాకుతోనే మొదటి పండు కోసి గుడికి తెచ్చింది. మేం పక్కకి జరిగి ముందుకి పంపాం. పూజారి పళ్లెం అందుకుని, అర్చన ఎవరి పేరు మీద అని అడిగాడు. మేమందరం మొగుడి పేరో కొడుకు పేరో చెబుతాం. సుందరమూర్తి గొంతు సవరించుకుని ముందుకి వచ్చాడు. ఆమె వాణ్ణి చేత్తో పక్కకి నెట్టింది.

"నా పేరు మీదే చేయి సామీ. ఆండాళు."