నర్సవ్వ బిడ్డకు నేను నేర్పిన ఇంగ్లీషు

ఈ మాట ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు, నర్సవ్వేమోనని ఉలిక్కిపడతాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ల ముందు నాకు నోరు పెగలదు.

ఎనభైల చివర. సోలాపూర్‌లో మాది దాజీ పేట్, తెలంగాణ నుంచి వలస వచ్చిన నేతవాళ్ల పేట. ఇంట్లో చద్దర్లు నేసే మగ్గాలు. మా సందులో కాలేజీ గడప తొక్కిన ఆడపిల్లను నేనొక్కదాన్నే, ఆ గర్వం నెత్తికెక్కి ఉండేది. కుంఠా నాకా దగ్గర ఒక అనాథాశ్రమంలో ఆదివారాలు ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి పిల్లలకు ఉచితంగా ఇంగ్లీషు చెప్పేదాన్ని. సేవ అనుకున్నాను. సేవేనా? నలుగురూ టీచరమ్మ అంటుంటే వినడానికి వెళ్లానా?

అక్కడ రేణుక అని ఏడేళ్ల పిల్ల ఉండేది. దాని తల్లి నర్సవ్వ మా పక్కింట్లోనే బీడీలు చుట్టేది. మగడు పోయాక పిల్లకు కడుపునిండా పెట్టలేక ఆశ్రమంలో చేర్చింది. తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్లనే అక్కడ తీసుకుంటారు. అందుకని చచ్చిపోయిన అక్క బిడ్డ అని, తాను చిన్నమ్మనని చెప్పుకుంది. చూడ్డానికి వచ్చినప్పుడు పిల్ల ఆమెను 'చిన్నమ్మా' అనే పిలవాలి. మా సందులో ఇలా చేర్చినవాళ్లు ఇంకా ఉన్నారు. అందరికీ తెలుసు, ఎవరూ నోరు జారరు. నాకూ తెలుసు.

ఒక ఆదివారం పుణె నుంచి పిల్లలు లేని దంపతులు వస్తున్నారని, పిల్లలచేత ఇంగ్లీషులో మాట్లాడించమని మేనేజరు చెప్పాడు. రేణుకది చక్కని గొంతు. 'నాకు అమ్మ లేదు, నాన్న లేడు, మీరే నా దేవుళ్లు' అని ఇంగ్లీషులో బట్టీ పట్టించాను. అర్థం మాత్రం చెప్పలేదు. చెబితే ఏడుస్తుందని తెలిసే చెప్పలేదు.

ఆ రోజు నర్సవ్వ కూడా వచ్చి గోడవార నిలబడింది. పిల్ల తడుముకోకుండా అప్పజెప్పింది. పుణె ఆవిడ కళ్లు తుడుచుకుంది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నర్సవ్వే. తర్వాత నన్ను పక్కకు పిలిచింది.

"ఏమన్నది బిడ్డా నా పోరి?"

"మంచిగ చదువుకుంట అన్నది."

"మరి వాళ్లేమంటున్రు?"

"పుణెకు తోల్కపోయి పెద్ద శాళల చదివిస్తరట."

"సుట్టీలకు పంపిస్తరా?"

"పంపిస్తరు, ఫికర్ చెయ్యకు."

వాళ్లు అడుగుతున్నది పెంచుకోవడానికి. ఈ పిల్లకు సొంతవాళ్లెవరూ లేరు కదా అని పుణె ఆవిడ అడిగింది నన్నే. అంతకు కాసేపటి ముందే నా ఇంగ్లీషు మెచ్చుకుని, ఎక్కడ చదివావమ్మా అని భుజం తట్టింది. ఆ మెప్పు ఇంకా చెవుల్లో ఉండగా, నేను నేర్పింది అబద్ధమని, ఆ గోడవార నిలబడిన మనిషే తల్లి అని ఎలా చెప్పను? ఎవరూ లేరన్నాను. ఉన్న ఒక్క చిన్నమ్మ కూడా ఒప్పుకుందని అన్నాను. పిల్ల బతుకు బాగుపడాలనే చేశానని ఎన్నోసార్లు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అదే నిజమైతే నర్సవ్వను ఆ మాటే అడగొచ్చు కదా? కాదంటుందని భయపడ్డాను. కాదనే హక్కు ఆమెకుందని తెలిసే భయపడ్డాను.

మేనేజరు కాగితాలు పూర్తి చేశాక, కారెక్కించేటప్పుడు రేణుక చేతులు చాచి ఏడ్చింది. అప్పుడు కూడా 'చిన్నమ్మా' అనే ఏడ్చింది. తల్లి అలా నేర్పింది మరి. సెలవులకొస్తావు పో అని నర్సవ్వే నవ్వుతూ పంపింది.

దీపావళి సెలవులు వచ్చాయి. నర్సవ్వ కొత్త గౌను కుట్టించి మా ఇంటికొచ్చింది. పరీక్షలున్నాయట అన్నాను. వేసవికి, వాళ్లు ఊరు మారారట అన్నాను. ఆ తర్వాత ఏటా ఏదో ఒక సాకు చెబుతూనే వచ్చాను. ఆమె ఆశ్రమానికి వెళ్లి గట్టిగా అడగలేదు. ఏమని అడుగుతుంది? అక్కడ ఆమె చిన్నమ్మ. తల్లినని నోరు తెరిస్తే మా సందు పిల్లలందరి గుట్టూ బయటపడి, వాళ్లనూ ఇళ్లకు పంపేస్తారు. ఆ చిక్కు నాకు తెలుసు. దాని చాటునే దాక్కున్నాను.

ఆమె ఇంకా మా పక్కింట్లోనే ఉంది. నన్ను తిట్టదు. అదే నన్ను తినేస్తోంది. మా టీచరమ్మ దయవల్ల నా బిడ్డ పెద్ద చదువు చదివి ఎక్కడో బాగా బతుకుతోందని కనిపించినవాళ్లందరికీ చెబుతుంది. ఇవాళ పొద్దున వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నా పోరికి తెలుగు యాదికుంటదో లేదో బిడ్డా. అది వచ్చిన్నాడు నేనేం మాట్లాడాలె? 'నేను నీ అమ్మను' అని ఇంగ్లీషుల ఎట్లంటరో జర నేర్పు."

నేర్పాను. నోరు తిరగక మళ్లీ మళ్లీ అంది. సరిగ్గా వచ్చేదాకా దిద్దాను. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పుకుని కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాను, ఆ మాత్రానికే సిగ్గేస్తోంది. గోడ అవతల బీడీలు చుట్టుకుంటూ నర్సవ్వ ఆ మాటను ఇంకా వల్లె వేస్తూనే ఉంది.