అమ్మకో స్నేహితురాలు

అమ్మ తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఏడాది మేమిద్దరం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక రెండంతస్తుల ఇంట్లో పై వాటాలో ఉండేవాళ్లం. నాన్న పోయాక అమ్మ తెనాలి వైపు నుంచి నా దగ్గరికి వచ్చేసింది. నేను మూసాపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుని. పొద్దున్నే డ్యూటీకి వెళ్లి మధ్యాహ్నం మూడు దాటాక ఇల్లు చేరేదాన్ని.

ఎముక అతుక్కుంది కానీ అమ్మ లేవలేదు. వాకర్ తెచ్చి మంచం పక్కన పెడితే దాని మీద తడి తువ్వాలు ఆరేసుకునేది. మాటలు కూడా తగ్గిపోయాయి. నేను ఏదడిగినా "ఊ", "వద్దు". ఆసుపత్రిలో ఎంతమంది ముసలివాళ్లను లేపి నడిపించానో, ఇంట్లో అమ్మను మాత్రం గుమ్మం దాకా తీసుకురాలేకపోయాను.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే పైనుంచి నవ్వు వినిపించింది. గట్టిగా, ఊపిరాడనంతగా నవ్వు. అది మా ఇంట్లోంచేనని, అమ్మదేనని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది.

తలుపు తీసే ఉంది. డాబా మీది రేకుల గదిలోకి కొత్తగా కిరాయికి వచ్చిన పెద్దావిడ మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. మెదక్ వైపు మనిషి. కొడుకుది మాదాపూర్‌లో కొత్తగా కడుతున్న ఆఫీసు బిల్డింగుల దగ్గర తాపీ పని. ఆవిడ ఒళ్లో ఒక సొరకాయ.

"మా దిక్కు దీన్ని ఆనిగెపుకాయ అంటం బిడ్డా. గంతే అన్న. మీ అమ్మకు నవ్వాగుత లేదు" అంది నాతో.

నేను చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి అమ్మ ముఖం మామూలైపోయింది. నేనడక్కముందే, "మాత్ర వేసుకున్నాలే" అంది.

ఆ రోజు నుంచి ఆవిడ వస్తూనే ఉంది. నేను సంతోషించాలి. పగలంతా అమ్మకు తోడు దొరికింది. కానీ నాకు ఒళ్లు మండిపోయేది. నేను తెచ్చిన ఉస్మానియా బిస్కెట్లు అమ్మ నా ముందు ఒకటి కొరికి పక్కన పెట్టేది, మర్నాటికి డబ్బా ఖాళీ. సాయంత్రం అమ్మకు తల దువ్వడం నా పని. ఒకరోజు వచ్చి చూస్తే అప్పటికే దువ్వి, నూనె రాసి, నున్నగా కొప్పు ముడి వేసి ఉంది.

"విప్పి మళ్లీ జడ వేస్తాను, ఉండు" అన్నాను.

"వద్దు. ఇదే చల్లగా ఉంది" అంది అమ్మ.

మర్నాడు స్నానం చేయిస్తూ వీపు రుద్దుతున్నప్పుడు మామూలుగా అడుగుతున్నట్టే అడిగాను. "పొద్దస్తమానం ఆవిడతో ఏం మాట్లాడతావమ్మా?"

"ఏముంటాయి? మాటలే."

ఆ మాటల్లో ఒక్కటీ నా వాటాకు రాలేదు. ఆసుపత్రిలో పేషెంట్లకు సూది వేస్తున్నా, ఇప్పుడు ఇంట్లో వాళ్లిద్దరూ ఏం చెప్పుకుంటున్నారో అనే ఆలోచనే.

వానాకాలం మొదట్లో ఒకనాడు ఇంటికొస్తే మంచం ఖాళీ. వాకర్ లేదు. బాత్‌రూమ్‌లో లేదు, వంటింట్లో లేదు. కిందికి పరుగెత్తబోతుంటే డాబా మీది నుంచి మాటలు వినపడ్డాయి.

పైకి వెళ్లి చూస్తే రేకుల గది ముందు నీడలో చాప మీద ఇద్దరూ కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. మాదాపూర్ వైపు రాళ్లు పేల్చినప్పుడల్లా దుమ్ము లేస్తోంది. అమ్మ అటు చేయి చూపించి ఏదో అడుగుతోంది. నాతో గుమ్మం దాటని మనిషి, మెట్లెక్కి వచ్చి అక్కడ కూర్చుంది!

"నన్నడక్కుండా ఎలా తీసుకొచ్చారండి పిన్నిగారూ? మళ్లీ పడితే ఎవరు చూస్తారు?" అని అరిచాను.

"జర కోపం జెయ్యకు బిడ్డా. నేను పట్టుకున్న, గంతే. ఆమెనే నడిసింది" అంది ఆవిడ మెల్లగా. చింతపండు గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మెట్లు దిగేటప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకోలేదు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. మంచం మీద కూర్చున్నాక అంది:

"నీ ముందు ఒక్క అడుగు వేస్తే శభాష్ అంటావు. చంటిపిల్లకి చెప్పినట్టు, ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటావు. నేను తూలితే నీ ముఖం పాలిపోద్ది. అది చూసి నాకు కాళ్లాడవు. ఆవిడ ముందు తూలితే ఆవిడ నవ్వుద్ది, నేనూ నవ్వుతా. అంతే."

ఆసుపత్రిలో అందరూ మెచ్చుకునే గొంతు అది. అమ్మకు అదే పడలేదు.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అమ్మ మెట్ల మీద అలికిడైతే చాలు తల తిప్పేది. చూసి చూసి నేనే పైకి వెళ్లాను. "అమ్మ మీకోసం చూస్తోందండీ" అన్నాను. నేను అరిచిన సంగతి ఆవిడ ఎత్తనే లేదు. "వస్త వస్త. పొయ్యి మీద అన్నమున్నది" అంది.

తర్వాత సాయంత్రాలు డాబా మీదే. నేనూ టీ గ్లాసు పట్టుకుని వెళ్లి కొంచెం ఎడంగా కూర్చునేదాన్ని. వాళ్ల కబుర్లు నాకోసం ఆపకుండా ఉంటే చాలనిపించేది. చనిపోయిన తన భర్త గురకను ఆవిడ అచ్చం అలాగే పెట్టి చూపిస్తే అమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వేది. ఒకసారి అమ్మ నన్ను చూపించి, "ఇది చిన్నప్పుడు చర్చిలో పాట పాడుతూ పాడుతూనే నిద్రపోయేది. నోరు మాత్రం తెరిచే ఉండేది" అంది. ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఆవిడకు చెప్పింది. అసూయ పడుతూనే, పొలమారేదాకా నవ్వాను.

చలికాలంలో ఆవిడ కొడుక్కి పుప్పాలగూడలో ఒక గోదాము దగ్గర వాచ్‌మన్ పని దొరికింది. సామాను ఆటోలో వేసుకుని వెళ్లిపోయారు. వారం తిరగకముందే అమ్మ, "నీకు సెలవెప్పుడు?" అని అడిగింది.

సెలవు రోజున ఆటో మాట్లాడుకుని వెళ్లాం. దారంతా రాళ్లూ, పొలాలూ, మధ్య మధ్య కొత్తగా పాతిన హద్దురాళ్లు. గోదాము గేటు దగ్గర ఆటో ఆగీ ఆగకముందే అమ్మ దిగిపోయింది. శభాష్ అనకుండా పెదవి కొరుక్కున్నాను. వాళ్లిద్దరూ ఎండలో కూర్చున్నారు, నేను సంచీ పట్టుకుని ఆటో డ్రైవర్‌తో ఏవో కబుర్లు చెబుతూ నిలబడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కన బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే అమ్మ ఆటో ఆపించింది. తనే దిగి, ఒక్కో పొత్తు పొట్టు వలిపించి, గింజ గిల్లి చూసి, లేతవి రెండు ఏరింది. నిమ్మకాయ ఇంకా రుద్దమని అమ్మేవాడితో కాసేపు వాదించింది. ఆటోలో కూర్చుని మూతికి మసి అంటుకుంటున్నా పట్టించుకోకుండా తింటోంది. ఆ ముఖం చూస్తుంటే నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

"ఇంతకుముందే కనబడుంటే ఆవిడకీ ఒకటి పట్టుకెళ్లేవాళ్లం" అంది.

చురుక్కుమంది నాకు. అయినా నా పొత్తు విరిచి సగం అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ నా వైపు చూడను కూడా చూడకుండా తీసుకుని, నమలడం మొదలుపెట్టింది.