నిలిచిపోయిన గోడ

గోడ కడితే గీత గీసినట్టుండాలని మేస్త్రి పట్టుదల. ఇటుకలందించే ఆయన భార్య కూడా వరస కాస్త వంకరపోతే ఊరుకునేది కాదు.

కొత్తగా కడుతున్న ఆ ఆసుపత్రిలో మాత్రం పని ముందుకు సాగడం లేదు. పై అంతస్తులో వాళ్లు గోడ లేపగానే, ప్లాను మారిందని పడగొట్టించారు. మళ్లీ కడితే, పైపులకు దారి వదల్లేదని దాన్నీ పడగొట్టించారు. పైగా పని నత్తనడక నడుస్తోందని ఇంజనీరు అందరి ముందూ మేస్త్రి మీదే కేకలేశాడు.

మూడోసారి అదే చోట తాపీ పట్టుకున్నప్పుడు, గోడ నిలువు చూసే గుండును ఆయన సంచిలోంచి తీయనేలేదు.

"ఏంటయ్యా, దారం కూడా కట్టవా?" అంది భార్య.

"ఎందుకే? రేపెలాగూ పడగొట్టేదేగా!"

ఆ రోజు చెయ్యి ఎటు పోతే అటు కట్టేశాడు. మధ్యాహ్నానికే గోడ లేచింది. ఇంజనీరు వచ్చి భుజం తట్టాడు.

"ఇదీ స్పీడంటే! ఇక మార్పుల్లేవు. రేపు ప్లాస్టరింగ్ మొదలెట్టిస్తా."

మేస్త్రి సంచిలోంచి గుండు తీసి గోడకు పట్టి చూపించాడు.

"గోడ కాస్త ఒరిగింది సార్. ఒక్కపూట టైమివ్వండి, నేనే విప్పి కడతా," అని బతిమాలాడు.

"ఇంకా ఆలస్యమా? ప్లాస్టరు మందంగా కొట్టిస్తే సరిపోతుందిలే."

మర్నాడు ఒరిగిన గోడను నున్నగా కప్పేశారు. చూసినవాళ్లెవరికీ తేడా తెలియలేదు. ఇప్పటికీ ఆ ఆసుపత్రి వీధి రాగానే, దారి చుట్టయినా సరే, మేస్త్రి సైకిలును పక్కసందులోకి తిప్పేస్తాడు.