సొంత బిడ్డను దత్తత తీసుకున్నాం

మొదటి కాన్పులో బిడ్డ పోయినప్పుడే నా గర్భసంచి తీసేశారు. కొన్నేళ్లకు, రెండువేల దశకం మధ్యలో, బెంగళూరు డాక్టరమ్మ ఒక దారి చూపింది. నా అండం, మా ఆయన బీజం కలిపి తయారుచేసిన పిండాన్ని వేరొకరు మోయాలి. గార్లదిన్నె దగ్గర పల్లెలో ఉండే మా అక్క, "నేను మోస్తాలే, నువ్వు ఏడవద్దు" అంది. అప్పటికే తనకిద్దరు పిల్లలు. సేద్యం బావకు వదిలేసి, నెలలు నిండేదాకా అనంతపురంలో మా ఇంట్లోనే ఉండిపోయింది.

పాప పుట్టింది. అసలు తంటా అప్పుడు మొదలైంది. ఆసుపత్రివాళ్లు మంచం మీదున్న మనిషిని తల్లిగా, ఆమె మొగుణ్ని తండ్రిగా రాసి మున్సిపాలిటీకి పంపేశారు. మా పాపకు అమ్మ మా అక్క, నాన్న మా బావ! మా ఆయన ఎవరికీ ఏమీ కాడు.

బావ మండిపడ్డాడు. "నేను ఆడ చేన్లో ఉంటే, ఈడ నన్ను నాయనను చేసినారే! ఊర్లో ఏమని చెప్పుకోవల్లప్పా?"

డాక్టరమ్మ ఇచ్చిన కాగితాలన్నీ తీసుకుని మున్సిపల్ ఆఫీసుకు పోయాం. గుమాస్తా వాటిని తిరగేశాడు.

"కనింది ఎవరమ్మా?"

"మా అక్క."

"మరి తల్లెవరు?"

"నేనే."

నన్ను జాలిగా చూశాడు. "కన్నోళ్ల పేరే రాస్తామమ్మా. ఇట్లాంటిదానికి మా దగ్గర రూలు లేదు. రేపు రాండి, సార్‌ను అడుగుతా."

ఆ 'రేపు' కోసం నెలల తరబడి తిరిగాం. చివరికి దొరికిన సారు, కోర్టు ఆర్డరు తెమ్మన్నాడు.

కోర్టుకు పోతే ఏండ్లు పడుతుందని లాయరు తేల్చేశాడు. "సులువైన దారొకటి ఉండాది. మీ వదిన దగ్గర పాపను దత్తత తీసుకోండి."

మా ఆయన కుర్చీలోంచి లేచాడు. "నా బిడ్డను నేను దత్తత తీసుకునేదేందన్నా?"

"కాగితం మీద నీ బిడ్డ కాదు గదప్పా!"

గతిలేక ఒప్పుకున్నాం. అప్పటికి పాపకు ఏడాది నిండింది. రిజిస్ట్రార్ ఆఫీసులో లాయరు మరో మెలిక పెట్టాడు. సాక్షుల ముందు బిడ్డను ఇచ్చి పుచ్చుకోవాలట. "పాపను మీ అక్క చేతికియ్యమ్మా. ఆమె మళ్లా నీకిస్తాది."

పాప నా మెడ వదల్లేదు. బలవంతంగా అక్క చేతిలో పెడితే ఆఫీసు అదిరిపోయేలా ఏడ్చింది. "ఉండమ్మా, మీ అమ్మకే ఇస్తాండా" అంటూ అక్క కూడా ఏడ్చింది. సంతకం పెట్టడానికి నిలబడిన బావ, "బిరీన తీసుకోండప్పా, పసిబిడ్డతో ఏం ఆటలివి!" అని కసిరాడు.

మా పేర్లతో పాపకు కొత్త బర్త్ సర్టిఫికెట్ వచ్చింది. బడిలో వేసినప్పుడు ఎవరూ ఏమీ అడగలేదు. కానీ సంతానంలేని చెల్లెలి మీద దయతో అక్క తన కూతుర్ని ఇచ్చినట్టు ఆ దత్తత దస్తావేజులో రాసుంది. చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్కకు చదివి వినిపిస్తే పకపకా నవ్వింది. "దయంట! తొమ్మిది నెలలు నీ చేతి చప్పిడి కూడు తినినా, అది రాసినారా?"

నాకు మాత్రం నవ్వు రాలేదు.