నేను మాట్లాడిన బెంగాలీ

చదువు కొత్తగా పూర్తయిన రోజుల్లో మనకి రాని విద్యంటూ ఉండదు. అలాంటి రోజుల్లోనే కైకలూరు దగ్గర ఒక చేపల ప్యాకింగ్ షెడ్డు ఆఫీసులో ఉద్యోగానికి అప్లికేషను నింపాను. ‘వచ్చిన భాషలు’ అని నాలుగు గీతలున్నాయి. తెలుగు, ఇంగ్లీషు, హిందీ రాశాక ఒకటి మిగిలింది. (టీచరమ్మ కూతుర్ని. పేపర్లో ఏదీ ఖాళీ వదలకూడదని ఉగ్గుపాలతో నూరిపోశారు.) బెంగాలీ అని రాసేశాను. ఉద్యోగం వచ్చింది. అమ్మ రిటైరైన ఏడాది అది, తమ్ముడి చదువింకా అవలేదు. ఆ ఉద్యోగం పోతే మాకు గడవదు.

నెల తిరక్కుండానే ఓనరు గారు పిలిచి, “అమ్మాయ్, శుక్రవారం హౌరా నుంచి చేపలు కొనే బెంగాలీ దాదా వస్తన్నారు. మాటలన్నీ నువ్వే చూసుకోవాలి” అన్నారు. ఇరవయ్యేళ్లుగా ఆ ఊరికి ఐసు చేపల లారీ తోలుతున్న డ్రైవరొకాయన ఉన్నాడు, అందరూ హౌరా బాబాయ్ అంటారు. వెళ్లి ఆయన్ని పట్టుకున్నాను. “ఏవుందమ్మా, నోరు గుండ్రంగా పెట్టాలంతే. జలం ఉంది కదా, జోల్ అంటారు. చేపంటే మాఛ్, ఐసంటే బొరోఫ్” అని ఓ ముప్పై మాటలు చెప్పి లారీ ఎక్కేశాడు. మిగతా మాటలకి తెలుగునే గుండ్రంగా తిప్పితే సరిపోతుందని నేను తీర్మానించుకున్నాను. ఇంట్లో సాధన చేస్తుంటే అమ్మ, “పన్ను పోటా? లవంగం పెట్టుకోవే” అంది.

శుక్రవారం దాదా వచ్చారు. “ఆశున్ అండీ, బోశున్ అండీ” అన్నాను. (పెద్దవాళ్లని అండీ లేకుండా పిలవడం మా ఏలూరు నోటికి చేతకాదు, అది ఏ భాషైనా సరే.) రమ్మన్నానని వచ్చారు, కూర్చోమన్నానని కూర్చున్నారు. ఇంకేం, రెచ్చిపోయాను. “ఈ మాఛ్ చాలా మోంచిదండీ, చోల్లగా బొరోఫ్‌లో పెట్టామండీ” అంటూ పావుగంట దంచాను. ఆయన బుద్ధిగా తలూపుతున్నారు. పక్కన ఓనరు గారు మురిసిపోతున్నారు. చివరికి దాదా లేచి, గుండెల మీద చెయ్యి పెట్టుకుని, దిగులుగా ఏదో పొడుగ్గా చెప్పారు.

“ఏవంటన్నారమ్మా?” అన్నారు ఓనరు గారు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. తమ్ముడి కాలేజీ కళ్లముందు తిరిగింది. అప్పుడే లారీ దిగి గుమ్మంలోకి వచ్చిన హౌరా బాబాయ్ ఆ మాటలు విని ఫక్కున నవ్వాడు.

“క్షమించమ్మా, ఇన్నేళ్లుగా వస్తన్నా నాకు తెలుగు అబ్బలేదు, నువ్వింత ఓపిగ్గా చెప్తంటే సిగ్గుగా ఉంది, అంటన్నారండీ.”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. “నాకు బెంగాలీ రాదండీ. గీత ఖాళీగా ఉందని రాసేశానండీ” అని చెప్పేశాను. ఓనరు గారు కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వి, “ఆయన వస్తానే ట్రేలన్నీ తిప్పి చూసుకున్నార్లే, సరుకు నచ్చింది. నువ్వు మాత్రం రేపట్నుంచి బాబాయ్ దగ్గర సరిగ్గా నేర్చుకో. మళ్లీ అబద్ధం రాశావంటే ఊరుకోను” అన్నారు. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ సాయంత్రం బస్సులో ఏలూరు దాకా నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

ఇప్పుడు హౌరా వాళ్లతో ఫోన్లో బెంగాలీలోనే పోట్లాడతాను. ఒక్క తప్పు దొర్లదు. అయినా నా మాట పూర్తిగా వినే ఓపిక అవతల ఎవరికీ ఉండదు, సగంలోనే ఫోను పెట్టేస్తారు. ఏమీ రాకుండానే ఓ పెద్దమనిషిని పావుగంట కూర్చోబెట్టిన ఆ పిల్లంటే నాకు ఇప్పటికీ కాస్త అసూయే.