నాలుగింటికి వస్తానన్నాను

జూన్ రెండో వారంలో లేహ్‌లో దిగాను. ఎత్తు పదకొండు వేల అడుగులు. పలచని గాలికి అలవాటు పడటానికి ఆరు రోజులు విశ్రాంతి, పైకి వెళ్ళే దారిలో ఇంకో నాలుగు. లేహ్ నుంచి ట్రక్కులో మొత్తం ఐదు గంటల దారి. పద్నాలుగు వేల అడుగుల మీద మా పోస్టు. రాయి, ఇసుక, గాలి. బంకరులో ఎనిమిది మందిమి, ఒక కిరోసిన్ పొయ్యి.

నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. గోడకు దేశపటం ఉండేది. సెలవు దొరికినవాడి ఊరి దాకా దారం పట్టి కొలిచేవాణ్ణి. విమానానికెంత, రోడ్డుకెంత అని పెట్టెమూత మీద సుద్దతో రాసేవాణ్ణి. వాళ్ళు ఇంటికి ఆ టైమే చెప్పేవారు. నలుగురికి రాశాను. పావుగంటకు మించి తేడా రాలేదు.

వంటవాడిది తాడేపల్లిగూడెం. "మీ లెక్కలో రైలు గేటు పడటం ఉందాండీ?" అని ఏడిపించేవాడు.

"ఆకాశంలో గేట్లుండవయ్యా."

"ఆకాశం సరేనండీ. దిగాక?"

సెప్టెంబరులో ఒక ఉదయం, ఎనిమిదీ ఇరవైకి, రేడియో ఆపరేటర్ హెడ్‌ఫోన్ తీసి నావైపు చూశాడు. "మీ అన్నయ్య. గుండె ఆగిందట." పోస్టు కమాండర్ ఒకటే మాట అన్నాడు: "పదింటికి ట్రక్కు."

మూడింటికి లేహ్ చేరి, వదినకు ఫోన్ చేశాను.

"మరిదిగారూ, పాస్టరుగారు అడుగుతున్నారండీ. మీ పిడికెడు మన్ను పడకుండా ఆయన్ని పంపను. ఎన్నింటికొస్తారు?"

"రేపు నాలుగింటికి."

"మీరు నాలుగంటే నాలుగే. ఇక్కడ ఒకటే వానండీ."

వాన మాట విన్నాను. లెక్కలో వేసుకోలేదు.

మర్నాడు ఏడూ పదికి విమానం. ఢిల్లీకి గంటా ఇరవై నిమిషాలు. అక్కడి నుంచి గన్నవరానికి రెండు గంటలా ఇరవై ఐదు. మొత్తం గాల్లో సుమారు రెండు వేల నూట ఇరవై కిలోమీటర్లు, మూడుంముప్పావు గంటలు. రెండూ ఇరవై ఐదుకి ఏలూరులో ఉన్నాను. ఇక మిగిలింది ఇరవై కిలోమీటర్లు. ముప్పావుగంట చాలనుకున్నాను.

ఊరు దాటాక పోలీసులు కారు ఆపారు. కైకలూరు రోడ్డు మీద మోకాలి లోతు నీళ్ళు. కొంతదూరం ట్రాక్టరు, తర్వాత దోనె. కొల్లేటి లంకలో పుట్టినవాణ్ణి. సెప్టెంబరులో ఆ రోడ్డు మునుగుతుందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటి ముందు దోనె దిగేసరికి ఆరూ పది. ఇరవై కిలోమీటర్లకు కూడా మూడుంముప్పావు గంటలే.

"నాలుగున్నర దాకా ఆపానండీ," అంది వదిన. "సమాధుల దిబ్బ మీదికి నీళ్ళెక్కుతున్నాయి. ఇక ఆగలేమన్నారు."

ఆమె లోపలికెళ్ళి తామరాకు పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. దిబ్బ మునగకముందు తీసిన పిడికెడు పొడి మన్ను. నా వంతు.

పదిహేను రోజులకు పోస్టుకు తిరిగి వెళ్ళాను. వంటవాడు టీ గ్లాసు అందిస్తూ అడిగాడు. "చెప్పిన టైముకే అందుకున్నారాండీ?"

"గేటు పడింది," అన్నాను. లెక్కల మీద అతను నన్ను మళ్ళీ ఏడిపించలేదు.

మరుసటి జూన్‌లో అక్కడి డ్యూటీ అయిపోయింది. ఇప్పుడు ఏలూరులో ఉంటున్నాను. దూరాలు ఇంకా కొలుస్తాను, కానీ ఇంటి గుమ్మం నుంచి వెనక్కి. కొలిచినప్పుడల్లా అదే కనిపిస్తుంది: దోనెలో నిలబడి, నీళ్ళ కింద అన్నయ్య ఉన్నచోట నేను వదిలిన మన్ను, మునిగే ముందు, కాసేపు నీళ్ళ మీద పరుచుకుని ఆగడం.